ఆకుపచ్చ పీలిక

“ఆ మనిషిని లోపలికి పిలిచావంటే నేను బయటికి పోతాను. ఇద్దరిలో ఎవరు కావాలో తేల్చుకో!” అంది అత్తగారు, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“మెల్లిగా అత్తయ్యా. వినబడుతుంది.”

“వినబడాలనే అంటున్నా. తెల్లారేసరికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. పాలవాడు ఆవిణ్ణి దాటుకుంటూ వచ్చాడు. వీధి వీధంతా కిటికీలు తెరుచుకుని చూస్తోంది. మనమేదో ఆవిడ సొమ్ము తిన్నట్టు!”

టైలరమ్మ తల వంచుకుంది. తినలేదు గానీ, ఆ సొమ్ము మీదే ఇంత కుట్టుకు తింటున్నామని మనసులో అనుకుంది. పైకి అనే ధైర్యం లేదు.

ముందుగదిలో కిటికీ పక్కన మిషను ఉంది. సగం కుట్టిన స్కూలు చొక్కా కాలరు సూది కిందే ఉండిపోయింది. మెట్టు మీద మనిషి కూర్చుందని తెలిసిన క్షణాన ఆగిన కాలు మళ్ళీ ఆడలేదు. ఆ మనిషి ఎవరో పేరు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అయినా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే ఇల్లది ఇప్పుడు.

“ఏమండీ, మీరైనా వెళ్ళి మాట్లాడండి.”

కండక్టరు అప్పటికే ఒక బూటు వేసుకున్నాడు. రెండోది మంచం కింద వెతుకుతున్నాడు. జీవితమంతా బస్సులో “ముందుకు జరగండి, ముందుకు జరగండి” అని అరిచే మనిషి, ఇంట్లో ఏ గొడవ వచ్చినా తను మాత్రం వెనక మెట్టు మీదే వేలాడతాడు.

“నాకు డ్యూటీకి టైమైంది” అన్నాడు మంచం కిందినుంచే.

“ఆవిణ్ణి దాటుకునేగా వెళ్ళాలి?”

“దాటుకునే వెళ్తాను. పాలవాడు దాటలేదూ?”

“ఏం చెప్పి దాటుతారు?”

అతను బూటు పట్టుకుని లేచాడు. మొహం ఎర్రబడింది. “చూడు. రేపు కోర్టు. ఇవాళ ఆవిడ మన గుమ్మంలో. ఈ సంగతి స్టేషన్లో హెడ్డుకి తెలిస్తే సాక్షిని తిప్పేసుకుంటున్నారంటాడు. ఏదైనా ఉంటే కోర్టులో చూసుకోమని పంపించెయ్యి. నీ మిషను కేసు, నువ్వే చెప్పాలి.”

“నా మిషనా?” అంది టైలరమ్మ.

వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నా అత్తగారు కదల్లేదు. వానాకాలం నుంచి ఇంట్లో ఎవరూ నోటితో అనని మాట అది. అందరూ దాని చుట్టూ తిరిగి నడిచారే గానీ తొక్కలేదు.

“పాలు” అంది టైలరమ్మ చివరికి.

“పోతే పోనీ” అంది అత్తగారు. అయినా వెళ్ళి పొయ్యి ఆర్పింది.

నిజానికి మొదట జరిగింది పొరపాటే. వానలు మొదలైన రోజుల్లో ఎవరో ముందుగది తాళం పగలగొట్టి, స్టాండు వదిలేసి మిషను తల మాత్రం ఊడదీసుకుపోయారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే స్టేషనువాళ్ళు “ఎవరి మీద అనుమానం?” అని ఆమెనే అడిగారు. రోజూ వెళ్ళింది. రోజూ కూర్చోబెట్టారు. హెడ్ కానిస్టేబులు, అదే అందరూ హెడ్డు అని పిలిచే ఆయన, తన పాంట్లు నడుము దగ్గర వదులు చేయించుకున్నాడు కూడా, చేతికుట్టుతోనే. చివరికి ఒకరోజు “రికవరీ అయింది, వచ్చి గుర్తుపట్టండి” అని కబురొచ్చింది.

బల్ల మీద వరసగా మిషను తలలు. అన్నీ నల్లవే, అన్నీ పాతవే. మిషను మెడకి గుండుసూదులు గుచ్చుకోవడానికి కుట్టేవాళ్ళందరూ ఒక గుడ్డ పీలిక చుట్టుకుంటారు. టైలరమ్మ చుట్టుకున్నది ఆకుపచ్చది. ఆ వరసలో ఒకదానికి ఆకుపచ్చ పీలిక కనిపించేసరికి, గుమ్మంలోంచే “అదిగో, నాదే!” అని అరిచింది. దగ్గరికి వెళ్ళేలోపే హెడ్డు రాసేశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనేవాడికి, దూడ కూడా దొరికితే ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం ఇంట్లో స్టాండు మీద బిగించి, సూది గుచ్చబోయి చూసింది. తను చుట్టింది ముడేసి. ఇది నీటుగా కుట్టి ఉంది. పైగా పీలికలో ఒక కాజా ఉంది. ఎవరిదో మగవాళ్ళ చొక్కా ముందుపట్టీలోంచి కత్తిరించిన గుడ్డ. తొక్కి చూస్తే బిగువు కూడా వేరు. మందపాటి గుడ్డలు కుట్టే చేతికింద అలవాటుపడిన మిషను అది. పల్చటి చొక్కా గుడ్డను ముడతలు పెట్టేసింది.

మర్నాడే వెళ్ళి హెడ్డుతో చెప్పింది. ఆయన పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. “నాదే అని సంతకం పెట్టావు. ఇప్పుడు కాదంటే దొంగసాక్ష్యం కింద నిన్నే లోపలెయ్యాలి. నీకెందుకమ్మా ఆ తలనొప్పి? అది దొరికింది ఎవడింట్లో అనుకున్నావ్? పాతకేసుగాడింట్లో. కుర్రతనంలోనే ఒకసారి లోపలికెళ్ళొచ్చాడు. అది వాడిది కాదులే, దక్కింది దక్కించుకో” అన్నాడు.

ఆమె ఇంటికొచ్చేసింది. పొరపాటు ఆయుష్షు ఆ ఒక్క రాత్రే. ఆ తర్వాత దానికి వేరే పేరుంది. ఆ పేరు టైలరమ్మకి తెలుసు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, బిగువు సరిచేసుకుని, యూనిఫారాలు కుట్టుకుంది.

ఇప్పుడు ఆ పాతకేసు భార్య మెట్టు మీద కూర్చుంది.

కండక్టరు తలుపు తీశాడు. ఆవిడ లేచి పక్కకు జరిగి దారిచ్చింది. “నమస్కారమండీ” అంది. అతను తలాడించి, రెండో బూటు చేత్తోనే పట్టుకుని గబగబా వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి తొడుక్కుంటుంటే కిటికీలన్నీ చూశాయి.

“లోపలికి రా” అంది టైలరమ్మ.

అత్తగారు బయటికి పోలేదు. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. పూర్తిగా మాత్రం వెయ్యలేదు.

వచ్చినావిడ వయసులో చిన్నదే. కానీ బుగ్గలు లోపలికి పోయాయి. వేళ్ళ చివరలు సూది పోట్లతో గరుకుదేలి ఉన్నాయి. గుడ్డ సంచులు కుట్టి బజారులో దుకాణాలకు వేసేది. అందుకే వాళ్ళ వీధిలో సంచులామె అంటారట. మిషను పోయాక చేతికుట్టు మీద పడింది. ఇవన్నీ ఆవిడ నిలబడే చెప్పింది, ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు.

“కూర్చో.”

“ఫరవాలేదక్కా. మీ ఇల్లు ఎవర్నీ అడగలేదు. వీధి మొదట్లోకి రాగానే చప్పుడు వినబడింది. అదే పట్టుకుని వచ్చేశా.”

“ఏం చప్పుడు?”

“మిషనుది. నూనె అడుగుతోంది.”

టైలరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఏం తిట్టినా ఇంత తగిలేది కాదు. “పోస్తూనే ఉన్నా” అంది.

“పైన పోస్తున్నారేమో. దీనికి వెనకవైపు కింద ఇంకో బెజ్జం ఉంటుంది. అందులో పొయ్యకపోతే మూలుగుతుంది. నూనె ఉందా?”

టైలరమ్మ కిటికీ గట్టు మీదినుంచి నూనెడబ్బా తీసి ఇచ్చింది. ఎందుకిచ్చిందో తనకే తెలియదు. ఆ మనిషి అడిగిన తీరులో ఇవ్వకుండా ఉండటానికి వీల్లేదు.

సంచులామె కాలరు గుడ్డను సూది కిందినుంచి జాగ్రత్తగా తప్పించి, మడిచి పక్కన పెట్టింది. మిషనును వెనక్కి వాల్చింది. ఒక్కో బెజ్జంలో ఒక్కో చుక్క వేసి, చక్రం మెల్లిగా తిప్పుతూ చెవి పెట్టి విన్నది. తర్వాత నిలబెట్టి, మెడ మీది ఆకుపచ్చ పీలిక మీద చెయ్యి వేసింది. వేలు సరాసరి ఆ కాజా మీదికి పోయింది. చూడకుండానే పోయింది.

ఇక ఓర్చుకోవడం టైలరమ్మ వల్ల కాలేదు.

“నాకు మొదట తెలియలేదు” అంది. “ఒట్టు. రంగు చూసి పొరపడ్డాను. ఆ రాత్రే తెలిసింది. మర్నాడు చెప్పబోతే బెదిరించారు. బెదిరించారని ఊరుకున్నాను. తర్వాత బెదిరింపు కూడా అక్కర్లేకపోయింది. ఊరుకోవడం అలవాటైపోయింది.”

ఆవిడ నూనెడబ్బా మూత బిగించింది.

“రేపు మాత్రం ఊరుకోను. నాది కాదని జడ్జిగారి ముందు చెప్పేస్తాను. ఏ కేసు పెట్టుకుంటారో నా మీదే పెట్టుకోనీ.”

ఈ మాట కోసం టైలరమ్మ వారం రోజులుగా తనలో తను కొట్లాడింది. మొగుడితో చెప్పలేదు, అత్తతో చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాక గుండె తేలికైంది. ఎదుటి మనిషి ఏడుస్తుందనుకుంది, చేతులు పట్టుకుంటుందనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత ఎన్నాళ్ళు సిగ్గుపడిందో ఆమెకే తెలుసు.

“అయ్యో, అంత పని చెయ్యకక్కా!” అంది సంచులామె. మొట్టమొదటిసారి గొంతు పెరిగింది. “ఆ మాట చెప్పొద్దని అడగడానికే వచ్చాను. నీదేనని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఏమిటీ?”

“మా ప్లీడరు చెప్పాడు. పూచీ నిలబడేవాళ్ళు లేక బెయిలు రాలేదు కదా, వానల్నుంచి లోపలే ఉన్నాడు. రేపు తప్పు ఒప్పేసుకుంటే, నువ్వు కూడా మిషను నాదే, నాకు ముట్టింది, ఇంకేం గొడవ లేదు అని చెబితే, ఇన్నాళ్ళూ ఉన్నదే శిక్ష కింద లెక్కేసి సాయంత్రానికి వదిలేస్తారంట. కాదన్నావనుకో, మళ్ళీ మొదటికొస్తుంది. వాయిదా పడుతుంది. స్టేషనువాళ్ళకి కోపం వస్తుంది, ఇంకో రెండు తాళాలు ఈయనే పగలగొట్టాడంటారు. అది తేలేసరికి మళ్ళీ వానలొస్తాయి.”

“చెయ్యని దొంగతనం ఒప్పుకుంటాడా?”

“ఒప్పించాను” అంది ఆవిడ. “ములాఖాత్‌కి వెళ్ళి, ఊచల ఇవతల నిలబడి, నా మొగుణ్ణి నేనే ఒప్పించాను. దొంగనని చెప్పు, ఇంటికి రా అని. సరే అన్నాడు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.”

“కానీ నిజం…”

“నీ నిజం అప్పుడు కావాల్సిందక్కా.” ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “హెడ్డు రాసుకుంటున్నప్పుడు చెప్పుంటే మేం బతికేవాళ్ళం. పోనీ మర్నాడు గట్టిగా అరిచినా బతికేవాళ్ళం. ఇప్పుడు చెబితే నీ మనసు తేలికవుతుంది. నా మొగుడు మాత్రం లోపలే ఉంటాడు.”

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. నిజమే. వారం రోజుల కొట్లాటలో ఒక్కసారైనా ఆ మనిషి సాయంత్రానికి ఇంటికి వస్తాడా రాడా అని ఆలోచించలేదు. తన గుండెల మీది బరువు గురించే ఆలోచించింది. నిజం చెప్పడం కూడా తన కోసమే. ఇంత చిన్న మనిషినా నేను అనుకుంది.

“మిషను నువ్వే తీసుకో” అంది. “రేపు అయిపోయాక ఇంటికి తెచ్చిస్తాను.”

“ఎలా తెస్తావు? కోర్టులో నీదన్న మిషను మా ఇంట్లో కనబడితే మళ్ళీ ఆయన్నే తీసుకెళ్తారు. నీ దగ్గరే ఉండనీ. నూనె మాత్రం పోస్తుండు.” గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ ఆగింది. “ఒక్కటి అడుగుతా. మిషను రేపు కోర్టుకి తేవాలంటగా. ఆ పీలిక విప్పేసి తీసుకురా. అది ఆయన పెళ్ళినాటి చొక్కాది. చిరిగిపోతే పారెయ్యలేక అలా కుట్టాను. అది చూస్తే ఆయన మాట నిలబెట్టుకోలేడు.”

“విప్పేస్తాను.”

“మర్చిపోవుగా?”

“మర్చిపోను.”

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం కూడా వీధిలో కిటికీల వైపు చూడకుండా, తల వంచుకుని వెళ్ళింది. తప్పు చేసినవాళ్ళలా నడుస్తోంది ఆవిడ. తప్పు చేసిన మనిషి ఇంట్లో నిలబడి చూస్తోంది.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఏదో ఒక మాట పడుతుందని టైలరమ్మ కాచుకుంది. అత్తగారు వచ్చి మిషను ముందు నిలబడి, చక్రాన్ని ఒకసారి తిప్పి చూసింది. అది చప్పుడు లేకుండా తిరిగింది.

“మంచినీళ్ళైనా ఇవ్వలేదే మనం” అంది.

మర్నాడు కండక్టరు సెలవు పెట్టాడు. మిషను తలను పాత దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోర్టు మెట్లు ఎక్కబోతూ, “నేను ఆ రోజే నీతో స్టేషనుకి వచ్చి ఉండాల్సింది” అన్నాడు.

“వస్తే ఏం చేసేవారు?”

అతను దుప్పటి మూటను ఇంకో చేతికి మార్చుకున్నాడు. “నీతోపాటు ఊరుకునేవాణ్ణి” అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆమెకు అతని మీద కోపం సగం పోయింది.

వసారా నిండా జనం. బెంచీల మీద చోటు లేదు. గోడ బారునా నిలబడ్డ మొహాలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎవరు ఫిర్యాదీయో ఎవరు ముద్దాయో పోల్చుకోలేం. వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు. ఇక్కడ గెలవక ముందే, ఓడక ముందే ఏడుపు మొహాలు.

ఆ మూల స్తంభం పక్కన సంచులామె ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. చేతిలో సంచి, అందులో ఇస్త్రీ చేసిన మగవాళ్ళ చొక్కా ఒకటి కనబడుతోంది. సాయంత్రానికి తెచ్చుకుంది. టైలరమ్మ చూపు తిప్పేసుకుంది.

హెడ్డు వచ్చి దుప్పటి విప్పాడు. చూసి, మళ్ళీ చూశాడు.

“పీలికేదీ?”

“మాసిపోయిందని తీసేశానండీ.”

“తీసేశావా!” ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “అమ్మా తల్లీ, ఆ పీలికే కదా గుర్తు! ‘మెడకు ఆకుపచ్చ గుడ్డ గలది’ అని రాశాను కాగితాల్లో. అది లేకపోతే ఇది ఫలానా మిషనని ఏం చూసి చెప్పాలి? జడ్జిగారు నన్ను తినేస్తారు. ఎక్కడుంది?”

అబద్ధమాడి ఇంట్లో పారేశానంటే సరిపోయేది. ఆ ముక్క టైలరమ్మకు సమయానికి తట్టలేదు. చెయ్యి దానంతటదే, పీలిక దాచి తెచ్చిన చేతిసంచి మీదికి పోయింది. హెడ్డు అది చూశాడు. చూడటంలో మాత్రం వాళ్ళకు తిరుగులేదు.

“కుట్టు” అన్నాడు. “పిలుపొచ్చేలోపు ఎలా ఉన్నది అలా కుట్టెయ్.”

“ముడేస్తే చాలదా అండీ?”

“‘కుట్టి ఉన్నది’ అని రాశాను.”

ఆమె కుట్టింది. వసారాలో నేల మీద కూర్చుని, మిషనును ఒళ్ళో పెట్టుకుని, భుజం దగ్గర బట్టకు ఎప్పుడూ గుచ్చుకుని ఉండే సూది తీసి, ఆ పీలికను తన చేత్తో మళ్ళీ కుట్టింది. కండక్టరు అడ్డంగా నిలబడి జనం కళ్ళ నుంచి ఆమెను దాచాలని చూశాడు. ఒక్క జత కళ్ళ నుంచి దాచలేకపోయాడు. సంచులామె స్తంభం దగ్గర నిలబడి అంతా చూస్తూనే ఉంది. టైలరమ్మకి పుట్టి బుద్ధెరిగాక సూది వేలికి గుచ్చుకోవడం అదే మొదలు.

బంట్రోతు పిలిచాడు.

ముద్దాయి బోనులో నిలబడ్డ మనిషిని చూసి టైలరమ్మ తెల్లబోయింది. పాతకేసు అంటే ఎలా ఉంటాడో ఇన్నాళ్ళూ తనకు తోచినట్టు ఊహించుకుంది, మీసాలూ ఎర్రకళ్ళూ పెట్టి. అలా ఊహించుకుంటే నిద్రపట్టేది. ఈ మనిషి సన్నటి మెడతో, ఒక పక్క దారంతో కట్టిన కళ్ళజోడుతో, మూటలు మోసీ మోసీ కిందికి జారిన భుజంతో ఉన్నాడు.

హెడ్డు మిషనును తెచ్చి బల్ల మీద పెట్టాడు, పీలిక జడ్జిగారి వైపు కనబడేలా.

జడ్జిగారు కాగితాలు తిరగేస్తూ తలెత్తకుండానే అడిగారు. “నేరం ఒప్పుకుంటున్నావా?”

ప్లీడరు అతని వైపు చూసి తలాడించాడు. కానీ అతను ప్లీడర్ని చూడటం లేదు. బల్ల మీదికి చూస్తున్నాడు.

“నిన్నే. ఒప్పుకుంటున్నావా?”

“ఒప్పు…” అన్నాడు. ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఆ గుడ్డ నా చొక్కాదండీ.”

“ఏమిటి?”

“నా పెళ్ళి చొక్కాదండీ. మా ఆవిడ కుట్టుకుంది. మిషను మా ఆవిడదండీ. అన్నీ ఒప్పుకుంటానని ఆవిడకి మాటిచ్చానండీ. కానీ అది ఎదురుగా పెట్టి అడిగితే ఎలా ఒప్పుకోనండీ?”

ప్లీడరు దగ్గాడు. వెనక బెంచీలో ఏదో జారిపడింది. ఇస్త్రీ చొక్కా ఉన్న సంచి. దాన్ని తీసుకోవడానికి ఎవరూ వంగలేదు.

జడ్జిగారు ఇప్పుడు తలెత్తారు. అతన్ని చూశారు, మిషనును చూశారు, సాక్షి బోనులో ఉన్న టైలరమ్మను చూశారు.

“ఈ గుడ్డ సంగతి మీరేమంటారమ్మా?”

టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. సంచులామె పెదవులు కదులుతున్నాయి. నీదను, నీదను. ఇక ఆ మాటకి విలువ లేదు, ఒప్పందం అతని నోటితోనే చెడిపోయింది. అయినా ఆవిడ పెదవులు ఆగడం లేదు. ఇటు చూస్తే అతను. ఈ గదిలో తనను నమ్మగల మనిషి ఆమె ఒక్కతే అన్నట్టు చూస్తున్నాడు. పొద్దున్న వసారాలో పీలిక ఎవరు కుట్టారో అతనికి తెలియదు.

“అయ్యా” అంది. గొంతు ఆమెకే వినబడలేదు. మళ్ళీ అంది. “ఆ గుడ్డ నేనే కుట్టానండీ.”

హెడ్డు మొహం విచ్చుకుంది. బోనులో మనిషి తల వాల్చేశాడు.

“ఇవాళ పొద్దున్న కుట్టాను. మీ వసారాలోనే. ఎవరు కుట్టమన్నారో కూడా చెప్పమంటారా?”

హెడ్డు ఒక అడుగు ముందుకు వేశాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. కలం పక్కన పెట్టి, పాత కాగితం ఒకటి పైకి తీసి ఆమె వైపు తిప్పారు. దాని అడుగున ఆమె సంతకం ఉంది. వానాకాలంలో, గుమ్మంలోంచే అరిచి, సంబరంగా వంకరగా పెట్టిన సంతకం.

“కుట్టమన్నది ఎవరో తర్వాత చెబుదురుగాని” అన్నారు. “నాదేనని ఈ సంతకం పెట్టిందెవరమ్మా?”